ఫ్లూ రోజుల్లో నాటకానికి వెళ్లకపోతే కళాద్రోహమా?

బరంపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం తెలుగు గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పంపుతున్నవాళ్లలో నాకు బాగా తెలిసిన మేష్టార్లు ఉన్నారు, ఒక మందుల షాపాయన కూడా ఉన్నారు. చాలా పొడుగ్గా ఉన్న ఆ మెసేజ్ సారాంశం ఇది:

"ఫ్లూ భయంతో పౌరాణిక నాటకం టికెట్లు ఎవరూ క్యాన్సిల్ చేసుకోవద్దు. హాల్లో ఏసీ ఉంది, చల్లదనానికి వైరస్ నిలవదు. గేటు దగ్గర టెంపరేచర్ చూస్తాం, జ్వరం ఉన్నవాళ్లను లోపలికి రానివ్వం. సీటు వదిలి సీటు కూర్చోబెడతాం. కర్పూరం, వాము మూట దగ్గరుంచుకోండి. బజారుకీ బస్సులకీ పెళ్లిళ్లకీ లేని ప్రమాదం నాటకానికేనా? మన జిల్లాలో కేసులే లేవు. కోవిడప్పుడు హాళ్లు మూసి ఏం సాధించారు? ఒడిశాలో తెలుగు నాటకం బతకాలన్నా, కళాకారుడి పొట్ట నిండాలన్నా రండి. టికెట్ డబ్బు ఎలాగూ వెనక్కి రాదు. రానివాళ్లు కళాద్రోహులు."

నేనూ టికెట్లు కొన్నవాణ్ణే. నాటకం ఆపేయాలనో హాలు మూయించాలనో ఇది రాయడం లేదు. వెళ్లాలా మానాలా అన్నది ఏ ఇంటి లెక్క ఆ ఇంటిది. ఆ లెక్క వేసుకునేవాళ్లకు తప్పుడు సమాచారం ఇచ్చి, దాన్ని నమ్మకపోతే ద్రోహి అని ముద్ర వేస్తున్నారే, నా అభ్యంతరం దాని మీద.

మొదట ఏసీ సంగతి. ఈ మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే, ఎందుకంటే నిజం దీనికి సరిగ్గా ఎదురుగా ఉంది. చల్లదనానికి ఫ్లూ వైరస్ చావదు. చల్లటి, పొడి గాలిలోనే అది ఎక్కువసేపు నిలుస్తుందని ప్రయోగాల్లో తేలింది. ల్యాబుల్లో వైరస్ శాంపిళ్లను మైనస్ 70 డిగ్రీల దగ్గర పెట్టేది వాటిని చంపడానికి కాదు, దాచడానికి. పైగా మన ఊళ్లలో చిన్న హాళ్లకు బిగించేవి ఎక్కువగా స్ప్లిట్ ఏసీలు. అవి బయటి గాలిని లోపలికి తేవు. గదిలో ఉన్న గాలినే లాక్కుని, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతాయి. కుండలో నీళ్లు మార్చకుండా ఐసు ముక్కలు వేసినట్టన్నమాట. చల్లదనం పోతుందని తలుపులు, కిటికీలు కూడా బిగిస్తారు కాబట్టి మూడు గంటల పాటు అందరూ పీల్చి వదిలిన గాలినే అందరూ పీలుస్తారు.

దీనికి ఫ్లూ చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1977లో అలాస్కాలో 54 మంది ఉన్న ఒక విమానం ఇంజను చెడి మూడు గంటలు నేల మీదే ఆగిపోయింది. ఆ సమయంలో లోపలికి గాలి పంపే ఏర్పాటు పనిచేయలేదు. ఎక్కువమంది దిగకుండా లోపలే కూర్చున్నారు. వాళ్లలో ఒకరికి ఫ్లూ ఉంది. మూడు రోజులు తిరిగేసరికి ప్రయాణికుల్లో 72 శాతం మంది దగ్గు, జ్వరం, ఒళ్లునొప్పులతో పడ్డారు. అది హెచ్3ఎన్2 అనే రకం ఫ్లూ. 2023 మార్చిలో మన దేశంలో ఇంటికొకరిని దగ్గించింది కూడా ఆ రకమే. విమానం కంటే నాటకం హాలు పెద్దదే, ఒప్పుకుంటాను. కానీ నిర్వాహకులు ఏసీ గురించి గొప్పగా చెప్పుకునే ముందు, బయటి గాలి ఎటునుంచి వస్తుందో చెప్పాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఎన్ని తిరుగుతాయి? పక్క తలుపులు తీసి ఉంచుతారా? ఏసీ ఆపేసి కిటికీలన్నీ తీసి ఫ్యాన్లు వేస్తామని రాసి ఉంటే ఆ మెసేజ్‌ని నేనే నలుగురికి పంపేవాణ్ణి.

గేటు దగ్గర టెంపరేచర్ పరీక్ష చూడ్డానికి బావుంటుంది. ఫ్లూ సోకినవాళ్లు లక్షణాలు మొదలవడానికి దాదాపు ఒక రోజు ముందునుంచే ఇతరులకు అంటించగలరు. అంటే శనివారం సాయంత్రం హాయిగా నవ్వుతూ వచ్చి కూర్చున్న మనిషి ఆదివారం మంచం పట్టొచ్చు. ఆ మనిషిని ఏ టెంపరేచర్ గన్నూ పట్టుకోదు. ఇక జ్వరం ఉన్నా నాటకం మీద మోజుతో పారాసిటమాల్ వేసుకుని వచ్చేవాళ్లు మనలో లేరా? మాత్రతో తగ్గేది ఒంటి వేడే. వైరస్ వదలడం ఆగదు. ఇంకో వైపు కూడా చూడాలి. జ్వరం మూడు రోజుల్లో పోయినా దగ్గు మూడు వారాల దాకా సాగొచ్చని 2023లో డాక్టర్ల సంఘం ఐఎంఏ చెప్పింది. కాబట్టి దగ్గుతున్న పెద్దాయనను గేటు దగ్గరే వెనక్కి పంపి, పక్కన కులాసాగా ఉన్న కుర్రాణ్ణి లోపలికి పంపితే, అంటించనివాళ్లను ఆపి, అంటించేవాళ్లను లోపలికి పంపినట్టు కావచ్చు.

సీటు వదిలి సీటు వల్ల కొంత మేలు ఉంది. జనం సగమవుతారు కాబట్టి హాల్లో రోగి ఉండే అవకాశం కూడా తగ్గుతుంది. పక్కవాడి తుమ్ము నేరుగా మీద పడదు. గాలి మారని గదిలో తేలే సన్నటి తుంపరలను మాత్రం ఖాళీ సీటు ఆపలేదు. కర్పూరం, వాము మూటకు ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, అంతే. ముక్కుకీ నోటికీ ఖాళీ లేకుండా అమరే ఎన్95 మాస్కు పెట్టుకుంటే నిజంగా పనికొస్తుంది. ఇంత పెద్ద మెసేజ్‌లో దాని ఊసే లేదు.

"బజారుకీ బస్సులకీ పెళ్లిళ్లకీ లేని ప్రమాదమా" అన్న ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతున్నారు. వినగానే న్యాయంగా ఉంటుంది కాబట్టి కొంచెం విడదీసి చూద్దాం. అంటుకోవడం అన్నది ఎంతసేపు, ఎంత మూసిన చోట, ఎంతమందితో, వాళ్లు మాట్లాడుతున్నారా అరుస్తున్నారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. బడా బజార్‌లో జనం ఒరుసుకుంటూ నడుస్తారు, కానీ నెత్తిన ఆకాశం ఉంటుంది. ఒక కొట్టు దగ్గర నిలబడేది ఐదు నిమిషాలు. ఇచ్ఛాపురం బస్సు కిటికీలు తీసే ఉంటాయి. నాటకంలో ఒకే కుర్చీలో, మూసిన గదిలో, గంటల తరబడి కూర్చోవాలి. పైగా మనవాళ్లు ఊరికే కూర్చుంటారా! రాయబారం సీనులో రాగం ఎత్తుకోగానే ముందు వరుసనుంచి ఈలలు, వెనకనుంచి "వన్స్ మోర్" కేకలు. ఆ కేకలు లేకపోతే నాకూ నాటకం చూసినట్టు ఉండదు. కానీ గొంతెత్తి అరిస్తే మామూలు మాటకంటే తుంపరలు ఎక్కువ వస్తాయన్నది తెలిసిన విషయమే.

పెళ్లిళ్ల మాటకొస్తే, మూసిన ఏసీ కల్యాణ మండపంలో పెళ్లి నాటకమంత ప్రమాదమే, ఇంకా ఎక్కువ కూడా. ఒప్పుకుంటున్నాను. అయితే దాన్నుంచి తేలేదేమిటి? తప్పనిసరి పెళ్లికి వెళ్లొచ్చాం కాబట్టి తప్పించుకోగలిగిన దానికీ వెళ్లి తీరాలనా? మేనకోడలి పెళ్లి మానలేనివాళ్లు ఆ వారంలో ఇంకో జనసమ్మర్దం తగ్గించుకుంటే అందులో తెలివితక్కువతనం ఏముంది?

"మన జిల్లాలో కేసులే లేవు" అన్నది మా సరిహద్దు ఊళ్లవాళ్లు అనాల్సిన మాట కాదు. ఫ్లూ జ్వరం వచ్చిన ప్రతివాళ్లకూ పరీక్ష చేయరు. కేంద్ర ఆరోగ్య శాఖ హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) మార్గదర్శకాల్లో రోగులను ఎ, బి, సి అని విడదీశారు. ఎ, బి వర్గాలవారికి పరీక్ష అక్కర్లేదు, ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రంగా ఉన్న సి వర్గానికే చేస్తారు. అంటే లెక్కలో సున్నా ఉందంటే ఊళ్లో ఫ్లూ లేదని కాదు. దాని మీద రాష్ట్రాల సరిహద్దు ఒకటి. ఇచ్ఛాపురం శ్రీకాకుళం జిల్లా లెక్కలోకి వస్తుంది, బరంపురం గంజాం లెక్కలోకి వస్తుంది. పర్లాకిమిడిది గజపతి జిల్లా, దాన్ని ఆనుకుని ఉన్న పాతపట్నం మళ్లీ ఆంధ్ర. మెసేజ్ రాసినాయన ఏ జిల్లాను "మన జిల్లా" అన్నారో తెలీదు గానీ, టికెట్లు మాత్రం మూడు జిల్లాల్లోనూ అమ్మారు.

కోవిడ్ పోలిక తెచ్చారు కాబట్టి అదీ చూద్దాం. ఒడిశా ప్రభుత్వం 2020 మార్చి 13న, రాష్ట్రంలో మొదటి కేసు బయటపడక ముందే, సినిమా హాళ్లు మూయమంది. మే మొదట్లో సూరత్‌నుంచి తిరిగొచ్చిన వలస కూలీల్లో గంజాం జిల్లా మొదటి కేసులు కనిపించాయి. ఆ తర్వాత జిల్లా ఎంత అల్లాడిందో మనందరికీ గుర్తే. దీన్ని చూపించి "హాళ్లు మూసి ఏం లాభం" అంటున్నారు. మూసిన హాళ్లనుంచి రాని రోగాన్ని చూపించి హాళ్లు మూయడం దండగ అనడం వింత వాదన. అసలు ఇప్పుడు ఎవరూ ఏదీ మూయమనడం లేదు. ఫ్లూ కోవిడంత కొత్త రోగం కూడా కాదు. మన దేశంలో ఏటా రెండుసార్లు, జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి పెరుగుతుంది. అప్పుడు ప్రభుత్వం ఇచ్చిన ఆర్డరుకీ, ఇప్పుడు ఒక ఇల్లాలు "అత్తయ్యకు ఉబ్బసం, ఈసారికి వద్దులెండి" అనడానికీ పోలిక లేదు.

ఇక కళాకారుల సంగతి. మిగతావాటిలా దీన్ని కొట్టిపారేయలేను. పద్య నాటకానికి వచ్చే నటులు చాలామంది ప్రదర్శనకు ఇంత అని మాట్లాడుకుని రైలెక్కి వచ్చేవాళ్లు. హార్మోనిస్టు, మేకప్ మనిషి, సీనరీ, లైట్లు, అందరి లెక్కా అంతే. హాలు ఖాళీ అయితే దెబ్బ వాళ్లకే. ఒడిశాలో తెలుగు నాటకం ఆడించడం ఎంత కష్టమో తెలిసినవాళ్లెవరూ ఈ బాధను తేలిగ్గా తీసుకోరు. కానీ ఆ ప్రేమతోనే ఒక మాట అడగాలి. ఆ రాత్రి హాల్లో అందరికంటే ప్రమాదంలో ఉండేది ఎవరు? రంగం మీద మాస్కు లేకుండా, ఎదుటి పాత్రకు రెండడుగుల దూరంలో, గుండెల నిండా గాలి పీల్చి రాగాలు తీసే ఆ నటుడే. వాళ్లలో అరవై దాటినవాళ్లు తక్కువేమీ కాదు. గ్రీన్‌రూములు ఎలా ఉంటాయో లోపలికి వెళ్లినవాళ్లకు తెలుసు: కిటికీ లేని చిన్న గది, ఒకే స్పాంజి పది మొహాలకు.

2020 మార్చి 10న అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం స్కాజిట్ కౌంటీలో ఒక గాయక బృందం రెండున్నర గంటలు రిహార్సల్ చేసింది. వచ్చింది 61 మంది, ఒకరికి అప్పటికే జలుబు లక్షణాలున్నాయి. ఆ ఒకరితో కలిపి 53 మంది కోవిడ్ కేసులుగా లెక్కకొచ్చారు. 33 మందికి పరీక్షలో తేలింది, 20 మందిని లక్షణాలను బట్టి లెక్కించారు. ఇద్దరు చనిపోయారు. అది కోవిడ్, ఇది ఫ్లూ, రెండూ ఒకటి కాదు. పాడుతున్న గొంతునుంచి తుంపరలు ఎక్కువ రావడం మాత్రం రెండింటికీ ఒకటే. కృష్ణుడి వేషధారికి జ్వరం తగిలి గొంతు పోతే ఆ సీజన్లో ఒప్పుకున్న మిగతా నాటకాల డబ్బు ఈ మెసేజ్ పంపినవాళ్లు ఇస్తారా?

కళాకారుడికి అందాల్సింది డబ్బు. అది అందడానికి మన ఊపిరితిత్తులు హాల్లో ఉండనక్కర్లేదు. వెళ్లలేనివాళ్లు టికెట్ డబ్బు వెనక్కి అడగకుండా ట్రూపుకే వదిలేయొచ్చు. నిర్వాహకులు నాలుగు వారాలు వాయిదా వేసి, అవే టికెట్లు చెల్లుతాయని చెప్పొచ్చు. లేదా ఊరి మైదానంలో షామియానా కింద ఆడించొచ్చు. మన తాతలు నాటకాలు చూసింది ఆరుబయటే కదా.

చివరికి డబ్బు, దాంతోపాటు మొహమాటం. టికెట్‌కి కట్టిన మూడొందలో ఐదొందలో ఇప్పటికే మన జేబులోంచి పోయింది. మెసేజ్ అన్నట్టు అది వెనక్కి రాకపోతే, వెళ్లినా పోయిందే, మానినా పోయిందే. ఇప్పుడు తేల్చుకోవాల్సింది ఆ రాత్రి హాల్లో కూర్చోవడం మన ఇంటికి సరిపడుతుందా లేదా అన్నదొక్కటే. ఇంట్లో 65 దాటినవాళ్లు, గర్భిణి, ఐదేళ్లలోపు పిల్లలు, షుగరు, ఉబ్బసం, గుండె జబ్బు, సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉన్నవాళ్లు ఉంటే నా సలహా మానుకోమనే. ఫ్లూ టీకా ఇవాళ వేయించుకున్నా పని మొదలుపెట్టడానికి రెండు వారాలు పడుతుంది, ఈ నాటకానికి అందదు. వయసులో ఉండి, ఆరోగ్యంగా ఉండి, ఇంట్లో అలాంటివాళ్లెవరూ లేకపోతే, మాస్కు పెట్టుకుని తలుపు దగ్గర సీటు చూసుకుని వెళ్లండి. అందులో తప్పు లేదు. "హాలుకెళ్లేవాళ్లంతా బుద్ధిలేనివాళ్లు" అని ఇంకో మెసేజ్ కూడా తిరుగుతోంది, అదీ ఇంతే అన్యాయం.

నిజానికి చాలామంది ఆగిపోతున్నది డబ్బు దగ్గర కాదు. టికెట్ పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చి అమ్మినాయన వరసకు మామయ్యో, పాత మేష్టారో అవుతారు. ఆయనకు రేపు మొహం ఎలా చూపించాలి అని. దానికి గ్రూపులో వాదన అక్కర్లేదు. "ఇంట్లో అమ్మకు బాగోలేదండీ, ఈసారికి రాలేం, డబ్బు మాత్రం ఉంచేయండి" అని ముందుగానే ఒక ఫోన్ చేస్తే చాలు. ఆయన ఆ సీటు ఇంకొకరికి ఇచ్చుకుంటారు. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు క్యాన్సిలేషన్ ఉందా, ఎన్ని గంటల ముందు చేయాలి అన్నది టికెట్ మీదే చూసుకోవాలి. మనం మానుకుంటే ఆ నిబంధనల ప్రకారమే డబ్బు వస్తుంది. ప్రదర్శనే రద్దయితే మాత్రం డబ్బు తిరిగి అడిగే హక్కు మనది. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అది ఒడిశాకీ ఆంధ్రకీ ఒకటే.