కొత్త శ్రోతల కోసమట! రేడియో కచేరీలో తని ఆవర్తనం (మృదంగం, ఘటం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం) కోసేశారట!

ఇవాళ పొద్దున ఏడుంబావుకి, మన ఊళ్లో వినిపించే ఒకానొక రేడియో స్టేషన్. పేరు చెప్పను. వినేవాళ్లకు తెలుసు, విననివాళ్లకు అక్కర్లేదు. తోడి రాగం ఆలాపన ముగిసింది. వయొలిన్ కూడా తన వంతు వాయించి ఆపింది. ఇక తంబురా ఒక్కటే మోగుతోంది, పల్లవి ఎత్తుకోవాలి. సరిగ్గా ఆ మూడు నాలుగు సెకన్ల మీద "గుడ్ మార్నింగ్ హైదరాబాద్!" అంటూ జింగిల్ వచ్చి పడింది. దాని వెనకాలే ఇంకెవరిదో తిల్లానా. మరి కృతి? గోవిందా. అంతసేపు ఆలాపన చేసింది దేనికి? గొంతు సవరించుకోవడానికా?

దీన్ని వాళ్లు కొత్త షెడ్యూల్ అంటున్నారు. యువ శ్రోతలను ఆకట్టుకోవడానికట. గంటసేపుండే పొద్దుటి సంగీతం పావుగంట "క్యాప్సూల్" అయింది, అందులో నాలుగేసి నిమిషాల ముక్కలు మూడు. రాత్రి పదింటి కచేరీని మధ్యాహ్నం రెండింటికి తోశారు. మధ్యాహ్నం రెండింటికి యువ శ్రోత ఎక్కడుంటాడండీ? మాదాపూర్‌లో మీటింగ్‌లో ఉంటాడు, లేదా క్లాసులో కునుకు తీస్తుంటాడు. ఆ టైముకు ఖాళీగా ఉండేది రిటైరైనవాళ్లు, వాళ్లు భోంచేసి నడుం వాలుస్తారు. పాత శ్రోతా పోయాడు, కొత్త శ్రోతా రాడు. ఎవరి బుర్రో గానీ పెద్ద బుర్రే.

ముందు ఆ జింగిల్ సంగతి తేలుద్దాం. స్టూడియోలో మనిషి కూర్చుని మీట నొక్కి ఉంటే ఇలా జరగదు. పాటలు వరసగా వేసే సాఫ్ట్‌వేర్‌ని ఎలా సెట్ చేస్తారంటే, ధ్వని ఒక మట్టం కంటే దిగి రెండు మూడు సెకన్లు అక్కడే ఉంటే పాట అయిపోయిందనుకుని తర్వాతి ఫైలు ఎత్తుకుంటుంది. సినిమా పాటకు ఇది చక్కగా సరిపోతుంది, మధ్యలో అంత నిశ్శబ్దం ఎక్కడా రాదు కాబట్టి. మన కచేరీ రికార్డింగులో అలాంటి చోట్లు బోలెడు. ఆలాపన అయ్యాక, తానం (రాగాన్ని లయతో విస్తరించే భాగం) మొదలయ్యే ముందు, వీణ మంద్రంలో ఒక్క స్వరం మీటి వదిలేసినప్పుడు. యంత్రానికి తంబురా అంటే ఖాళీ. మందు చాలా చిన్నది: ఆ విభాగం ఫైళ్లకు ఆటోమేటిక్ సెగ్యూ (దానంతటదే తర్వాతి ఫైలుకు మారడం) ఆపేసి, ముగింపు గుర్తును మనిషి విని చేత్తో పెట్టాలి. ఫైలుకు రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు కూడా పెట్టలేనివాళ్లు కొత్త తరాన్ని సంగీతంలోకి నడిపిస్తారట!

రెండోది శృతి, అంటే పాడేవారు ఆధారంగా పెట్టుకునే 'సా' ఎత్తు. ఒకటిన్నర శృతిలో పాడిన మగ గొంతు వెనకాలే, ఊపిరి తీసుకునే సందు కూడా లేకుండా, ఐదు శృతిలో పాడిన ఆడగొంతు. నడుమ మూడు సెకన్ల క్రాస్‌ఫేడ్, ఒకటి తగ్గుతుంటే ఇంకోటి పెరుగుతుంది. అంటే మూడు సెకన్లపాటు రెండు తంబురాలు ఒకదాన్నొకటి పీక్కుంటాయి. సంగీతం బొత్తిగా రాని మనిషికి కూడా అక్కడ ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకో మాత్రం చెప్పలేడు. "ఈ క్లాసికల్ మనవల్ల కాదురా" అని స్టేషన్ మార్చేస్తాడు. నిందేమో సంగీతానికి. పూర్వం ఇక్కడ ప్రయోక్త పదిహేను సెకన్లు మాట్లాడేవారు, ఆ మాటలతో చెవిలో పాత శృతి చెరిగిపోయేది. ఆ పదిహేను సెకన్లే ఇప్పుడు "డెడ్ ఎయిర్", అంటే వృథా ప్రసారం, అయ్యాయి.

మూడోది ఎవరూ పట్టించుకోరు గానీ నాకు ఒళ్లు మండేది. ఎఫ్‌ఎం స్టేషన్లు గట్టిగా వినబడటానికి కంప్రెసర్ వాడతాయి. చిన్న ధ్వనిని పైకి లేపుతుంది, పెద్దదాన్ని నొక్కుతుంది. సినిమా పాటలకు పెట్టిన సెట్టింగునే కచేరీకీ ఉంచేస్తే, గాయకుడు ఆగిన ప్రతిసారీ తంబురా కెరటంలా పైకి లేచి, అతను అందుకోగానే చచ్చుబడిపోతుంది. గమకాల (స్వరాన్ని ఊపి పలికించే ఒంపుల) చివర్లు కొట్టుకుపోతాయి. మృదంగం కుడివైపు "నం" మోగదు, డబ్బా కొట్టినట్టు వస్తుంది. ఆ గంటకు వేరే ప్రీసెట్ (ముందే దాచుకున్న సెట్టింగు) పెట్టుకోవచ్చు: నొక్కుడు తక్కువ, రిలీజ్ (నొక్కినదాన్ని వదలడం) నెమ్మదిగా. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు.

ఇక వేళల సంగతి. యంత్రానికి రాగం అంటే ఫైలు పేరు. అందుకే పొద్దున ఆరున్నరకు నీలాంబరి వేస్తారు. జోలపాటల రాగం! అలారం పెట్టుకుని లేచినవాణ్ణి మళ్లీ పడుకోబెట్టడం కొత్త శ్రోతల పథకంలో భాగమేమో. హిందుస్తానీ వేసిన రోజు ఎండ నడినెత్తిన ఉండగా దర్బారీ, అర్ధరాత్రి పాడే రాగం! హైదరాబాద్‌లో ఇలా చేయడానికి సిగ్గుండాలి. హిందుస్తానీ గాయకుడు ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ 1968లో కన్నుమూసింది ఈ ఊళ్లో, బషీర్‌బాగ్‌లో. ఇక్కడ హిందుస్తానీ, కర్ణాటకం రెండూ తెలిసిన చెవులు తరాలుగా ఉన్నాయి. కర్ణాటకంలో వేళల పట్టింపు తక్కువే, ఒప్పుకుంటాను. కానీ భూపాలం, బౌళి, మలయమారుతం పొద్దుటికి పెట్టడానికి అడ్డేమిటి? ఫైలుకు ఇంకో ట్యాగు తగిలిస్తే సరి.

"మరి జనానికి ఓపిక లేదు కదా, నిడివి తగ్గించాలి కదా" అంటారు. తగ్గించండి, ఎవరొద్దన్నారు? హిందుస్తానీ గాయని గౌహర్ జాన్ 1902లో గ్రామఫోను కంపెనీకి పాడినప్పుడు రికార్డు పక్కకు మూడు నిమిషాల చోటే ఉండేది. ఆ మూడు నిమిషాల్లోనే రాగం, బందిష్ (పాట), తాన్‌లు (వేగంగా దొర్లే స్వరాలు) అన్నీ సర్ది, చివర తన పేరు కూడా చెప్పింది. పైన చెప్పిన బడే గులాం అలీఖాన్ కూడా ఖయాల్‌ను (హిందుస్తానీలో ముఖ్యమైన గానరీతి) సాగదీయకుండా కుదించి పాడటానికి పేరుపొందినవారే. కర్ణాటక గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ కచేరీని వర్ణంతో మొదలుపెట్టి, చిన్న చిన్న కృతులు చకచకా పాడి, నడుమ ఒక పెద్ద అంశం పెట్టే పద్ధతిని స్థిరపరిచింది శ్రోత ఓపికను చూసే. రేడియో స్టూడియోల్లో పాడేవాళ్లు ఎర్రదీపం వెలిగాక గోడగడియారం చూస్తూ ఇరవై ఎనిమిది నిమిషాలకు మంగళం పాడేసేవారు. వీళ్లంతా పొట్టిగా పాడినవాళ్లు. ఇప్పుడు జరుగుతున్నది, నలభై నిమిషాలు పాడినదాన్ని పట్టుకుని నాలుగు నిమిషాలకు కోయడం. పొట్టి అంశమే కావాలంటే పొట్టిగా పాడినదే వేయండి. వర్ణాలున్నాయి, జావళీలున్నాయి, అన్నమయ్య పదాలున్నాయి. పెద్ద ఖరహరప్రియ రాగ కృతిని నరికి ముక్కలు వేసుడు ఎందుకు? త్యాగయ్య ఆ రాగంలోనే, "చక్కని రాజమార్గము" కృతిలో, రాజమార్గం వదిలి సందుల్లో దూరేవాళ్లను ఏమన్నాడో మీకందరికీ గుర్తే.

ఇక అసలు మంట. తని ఆవర్తనం.

మధ్యాహ్నానికి తోసిన ఆ రాత్రి కచేరీని గంట నుంచి నలభై ఐదు నిమిషాలకు దించారు కూడా, ఆ పావుగంట ఎక్కడ దొరికిందనుకున్నారు? మృదంగం దగ్గర. స్వరకల్పన (అప్పటికప్పుడు సరిగమలు అల్లి పాడటం) అయిపోగానే కోసి, తని పూర్తయ్యాక గాయకుడు మళ్లీ పల్లవి అందుకునే చోట అతికిస్తున్నారు. అతుకు తెలీదనుకుంటున్నారు! తని నడిచేసరికి కాలప్రమాణం, అంటే వేగం, వెంట్రుకవాసి పెరుగుతుంది, పెద్ద పెద్ద విద్వాంసులకైనా. కాబట్టి అతుకు దగ్గర తాళం ఒక్క గంతు వేస్తుంది. తంబురా "పా సా సా సా" అని తిరుగుతున్నది "పా సా పా" అవుతుంది. వేళ్ల మీద తాళం వేసుకుంటూ వింటున్నవాడికి చెయ్యి గాల్లో ఉండిపోతుంది.

మొన్న ఇంకా ఘోరం. తని ఉంచారు, సంతోషం. ఘటం, మృదంగం రెండేసి ఆవర్తాలు (తాళం చుట్లు), ఒక్కో ఆవర్తం, సగం, పావు అంటూ కురైప్పు (వంతులు కుదించుకుంటూ వాయించడం) దిగాయి, ఇద్దరూ కలిశారు, మోరా (ముగింపుకు దారితీసే జతులు) అయింది, కోర్వై (లెక్క కట్టిన ముగింపు) ఎత్తుకున్నారు. ఒకసారి, రెండోసారి... అక్కడ ఫేడ్! కోర్వై మూడుసార్లు వాయిస్తారయ్యా, మూడోసారి వచ్చి ఎత్తుగడ (పాట అందుకునే చోటు) మీద వాలడం కోసమే ముందు రెండుసార్లు. తుమ్ము ముక్కుదాకా వచ్చి ఆగిపోయినట్టుంది. దండమూడి రామమోహనరావు, ఎల్లా వెంకటేశ్వరరావు లాంటి మృదంగ విద్వాంసులను కన్న జాతికి వినిపించాల్సింది ఇదా?

పైగా పక్కవాద్యాల పేర్లు చెప్పడం కూడా మానేశారు. ద్వారం వెంకటస్వామినాయుడి వయొలిన్‌ని నెత్తిన పెట్టుకున్నాం, ఇప్పుడేమో వయొలిన్ ఎవరిదో చెప్పడానికి మూడు సెకన్లు లేవు. "స్ట్రెస్ అంతా మాయం, జస్ట్ రిలాక్స్" అనడానికి మాత్రం ఉన్నాయి.

అయినా రేడియో వాళ్లను మాత్రమే అనడం ఎందుకు, తని మొదలవగానే కాఫీకి లేచిపోయేది మనవాళ్లు కాదూ? ఊళ్లో సభలు చూడట్లేదా? ఏ సభ అని వేలు పెట్టి చూపించక్కర్లేదు. ఆహ్వానంలో కచేరీ ఆరింటికి. ఆరింటికి జ్యోతి ప్రజ్వలన. తర్వాత ముఖ్య అతిథి కోసం ఎదురుచూపు. ఆయన వచ్చాక "నాకు సంగీతం తెలియదు కానీ" అని మొదలుపెట్టి అరగంట. ఆపై శాలువాలు, మెమెంటోలు, ఫొటోలు, మళ్లీ ఇంకోసారి ఫొటోలు. ఈలోపు వేదిక మీద ఏం జరుగుతోందో తెలుసా? మృదంగం ఎడమవైపు అప్పుడే తడిపి పెట్టిన రవ్వముద్ద ఏసీ గాలికి ఎండి బీటలు తీస్తుంది. తొప్పి (ఆ ఎడమవైపు) గుమకీ, అంటే గుమ్మనే నాదం, పలకదు. కుడివైపు శృతి జారిపోతుంది, మళ్లీ రాయి తీసుకుని టకటకా కొట్టుకోవాలి. ఏడుంబావుకి మొదలైన కచేరీలో "టైమైపోయింది, తని రెండు నిమిషాలు చాలు" అని కింద నుంచి చీటీ. శాలువాలకు గంటంబావు, మృదంగానికి రెండు నిమిషాలు! ఈ శాలువాల బ్యాచే ఇప్పుడు రేడియో షెడ్యూల్ వేస్తోందని నా గట్టి అనుమానం.

కామెంట్లలో ఎవరో ఒకరు వస్తారు, నాకు తెలుసు. "సంగీతం వినాలంటే యాప్ ఉంది కదా బ్రో" అని. ఉంది. ఆకాశవాణి 2016 జనవరి 26న ఇరవై నాలుగు గంటల రాగం చానెల్ మొదలుపెట్టింది, మంచిదే. అది వెతుక్కుని వినేవాడికి, అంటే నాకూ మీకూ. కొత్త శ్రోత వెతకడు. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి పొద్దున కారులో గంటన్నర ఇరుక్కుని స్టేషన్లు తిప్పుతుంటాడు, అనుకోకుండా ఒక కాంభోజి రాగం చెవిన పడుతుంది. అదీ దారి. అసలు ఈ నగరంలో ఓపిక లేదన్నదెవరు? పంజగుట్ట సిగ్నల్ దగ్గర కూర్చున్నవాడికి రాగం తానం పల్లవి మొత్తం వినే తీరిక ఉంది. అతనికి నాలుగు నిమిషాల ముక్కేసి మిగిలిన టైమంతా ప్రకటనలు వినిపిస్తున్నారు.

ఇంకో రకం వస్తారు. "అందరిమీదా శాస్త్రీయ సంగీతం రుద్దుతారా" అని. లేదు నాయనా. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖకు మంత్రిగా వచ్చిన కేస్కర్ ఆ పని చేసి చూశారు. సినిమా పాటలకు కోత పెట్టి శాస్త్రీయ సంగీతం నింపారు. జనం మీట తిప్పి శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ పెట్టుకున్నారు. చివరికి 1957 అక్టోబరు 3న సినిమా పాటలు వేసే వివిధ భారతి మొదలుపెట్టాల్సి వచ్చింది. రుద్దమని ఎవరూ అడగట్లేదు. రోజుకు ఒక్క గంట, కదలని వేళ, కోయని సంగీతం. అంతే.

చేతనైతే ఒకటి కలపండి. త్యాగయ్య, క్షేత్రయ్య, శ్యామశాస్త్రి రాసింది మన భాషలో. తమిళ శ్రోత అర్థం తెలియకుండానే వందల ఏళ్లుగా తల ఊపుతున్నాడు. మనకు అర్థం ఉచితంగా దొరుకుతోంది. పాటకు ముందు ముప్పై సెకన్లు చాలు: రాగం, తాళం, ఎవరు రాశారు, పల్లవిలో ఏమంటున్నాడు, ఎక్కడ చెవి పెట్టాలి. "చరణంలో ఒకే వరుసను పాడేవారు పదిరకాలుగా తిప్పుతారు, దాన్ని నెరవు అంటారు, పన్నెండో నిమిషం దగ్గర వస్తుంది" అని చెప్పి చూడండి. కొత్తవాడు ఆ పన్నెండో నిమిషం కోసం కాచుకుంటాడు. ఇప్పుడేమో రాగం పేరు కూడా చెప్పరు, నచ్చినవాడు ఏమని వెతుక్కోవాలి?

ఇది చదివి దండం ఎమోజీ పెట్టి వెళ్లిపోకండి. స్టేషన్‌కు రాయండి. "సంగీతాన్ని కాపాడండి" లాంటి ఉత్తరాలు చెత్తబుట్టలోకే పోతాయి. తేదీ, గంట, నిమిషం రాయండి. ఏ రాగం, ఎవరు పాడారు, ఎన్నో నిమిషం దగ్గర కోశారు, కోసిన చోట ఏం వేశారు అని రాయండి. వీలైతే ఆ ముప్పై సెకన్లు ఫోన్‌లో రికార్డు చేసి జతపరచండి, ఇంజినీరుకు చెవిన పడితే సెగ్యూ తప్పో, ప్రీసెట్ తప్పో వెంటనే తెలుస్తుంది. తని కోసిన రోజైతే తాళం పేరు, ఎత్తుగడ సమం (తాళం మొదటి దెబ్బ) మీదా తర్వాతా అన్నది కూడా రాయండి. అవతల చదివేవాళ్లలో లెక్క తెలిసినవాళ్లు ఒక్కరైనా ఇంకా మిగిలే ఉంటారు.