మాస్కు చేతిలో పెడితే సరిపోదు
భోపాల్ యూనియన్ కార్బైడ్ ప్రాంగణం నుంచి 2025 జనవరిలో 337 టన్నుల విషవ్యర్థాలను 12 కంటైనర్లలో మధ్యప్రదేశ్‌లోనే ఉన్న పీథంపూర్‌కు, కాల్చివేయడానికి తరలించినప్పుడు కూలీలకు రక్షణ దుస్తులు ఇచ్చారు కాబట్టి వారి ఆరోగ్యానికి ఢోకా లేదని ఒక వ్యాసంలో వ్యాసకర్త రాసిన మాటతో నేను ఏకీభవించలేను. అక్కడ మనుషులను అరగంట చొప్పున మార్చి పనిచేయించడం దుస్తులకన్నా ముఖ్యమైన జాగ్రత్త అని నా అభిప్రాయం. పటాన్‌చెరు పరిసరాల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర, కలుషితమైన మట్టి నమూనాలు తీసే పనిలో నేను రెండు వేసవులు గడిపాను. మాకిచ్చినవి దుమ్మును మాత్రమే ఆపే మాస్కులు; రసాయన ద్రావకాల ఆవిరి వాటిలోంచి నేరుగా లోపలికి వస్తుంది, దాన్ని ఆపాలంటే బొగ్గు కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి, అదైనా గడ్డం నున్నగా గీసుకున్న ముఖానికి సందు లేకుండా అతుక్కుంటేనే పనిచేస్తుంది. గుంత మూడడుగులు దిగేసరికి పెయింటు డబ్బా మూత తీసినట్టు వాసన కొట్టేది, మధ్యాహ్నానికి అందరికీ తలనొప్పి. అంతకన్నా నన్ను ఇప్పటికీ బాధించేది, సాయంత్రం కాళ్లు కడుక్కోవడానికైనా నీళ్లు లేక, ఆ మట్టి బట్టలతోనే ఇంటికి వెళ్లి పిల్లల్ని ఎత్తుకోవడం. స్థలం వదిలే ముందు స్నానం చేసి బట్టలు మార్చుకునే గదికి, పనికి ముందూ తర్వాతా వైద్య పరీక్షలకు అయ్యే ఖర్చును టెండరులోనే విడిగా చూపించాలి, ఎందుకంటే అందులో లేని ఖర్చును ఏ కాంట్రాక్టరూ తన జేబులోంచి పెట్టడు.