బ్లేజ్ బేలీకి పాడటం రాదా? ఆ టేపులనే పూర్తిగా వినండి

బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండు ఐరన్ మెయిడెన్ అభిమానుల ఫోన్లలో ఒక ఆడియో ముక్క ఏళ్ల తరబడి తిరుగుతోంది. అర నిమిషం కూడా ఉండదు. 90ల్లో జనం మధ్య నిలబడి ఎవరో చాటుగా రికార్డు చేసిన కచేరీ అది. పాడుతున్నది బ్లేజ్ బేలీ. పాత పాటలో స్వరం పైకి వెళ్లాల్సిన చోట గొంతు అందదు, కిందే ఆగిపోతుంది. దాంతోపాటు వచ్చే మాటలు కాస్త అటూ ఇటూగా ఇవే: ‘స్టూడియో మాయ లేదు, ఎడిటింగ్ లేదు, ఇదీ అసలు నిజం. ఇతనికి పాడటం రాదు. జనం ఛీకొట్టారు. ఇవే పాటలు బ్రూస్ పాడితే ఎలా ఉంటాయో రాక్ ఇన్ రియోలో వినండి. బ్యాండుకే సిగ్గేసి బ్లేజ్ లైవ్ ఒక్కటీ విడుదల చెయ్యలేదు.’

ఈ టేపులు నేను చాలా ఏళ్లుగా వింటున్నాను. ఆ ముక్కలో గొంతు అందలేదన్నది నిజం. దాని మీద కట్టిన మిగతా గోడ మాత్రం నిలబడదు.

తెలియనివాళ్ల కోసం ముందు కథ నాలుగు మాటల్లో. మెయిడెన్ గాయకుడు బ్రూస్ డికిన్సన్ 1993 ఆగస్టులో చివరి కచేరీ చేసి బ్యాండు వదిలాడు. 1994లో అతని చోట బ్లేజ్ వచ్చాడు. అప్పటిదాకా వుల్ఫ్స్‌బేన్‌లో పాడేవాడు, ఆ బ్యాండు 1990లోనే బ్రిటన్‌లో మెయిడెన్ కచేరీలకు ముందు వాయించింది. బ్లేజ్‌తో రెండు ఆల్బమ్‌లు వచ్చాయి: 1995లో ది ఎక్స్ ఫ్యాక్టర్, 1998లో వర్చువల్ ఎలెవన్. రెండింటి వెనకా సుదీర్ఘమైన ప్రపంచ పర్యటనలు. 1998 డిసెంబర్ 12న బ్యూనస్ ఎయిరిస్‌లో అతని చివరి కచేరీ. 1999 మొదట్లోనే బ్రూస్, గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ తిరిగొచ్చారు. మనం మాట్లాడుకునే టేపులన్నీ ఆ రెండు పర్యటనలవే.

ఇక మొదటి మాట. ‘ఎడిటింగ్ లేదు కాబట్టి ఇదే నిజం.’

2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెయిడెన్ వాయించినప్పుడు హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. బ్రూస్ ఆ సాయంత్రం పాడిన తీరు నాకు ఇప్పటికీ ఒంట్లో ఉంది. ‘ఫియర్ ఆఫ్ ది డార్క్’ మొదలవగానే జేబులోంచి ఫోను తీసి రికార్డు బటన్ నొక్కాను. మర్నాడు బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. డ్రమ్ము కొట్టినప్పుడల్లా శబ్దం మొత్తం ఒక్కసారి కుంగి మళ్లీ లేస్తోంది. బేసు గిటారు ఒట్టి బుర్రుమనే మోత. పల్లవి అంతా నా పక్కన నిలబడ్డ అబ్బాయి గొంతే, పాపం శ్రుతికి దగ్గర్లో కూడా లేడు. వాటన్నిటి వెనక, గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు, బ్రూస్. ఆ రికార్డింగు ఒక్కటే సాక్ష్యమైతే బ్రూస్ డికిన్సన్‌కి పాడటం రాదని తేల్చెయ్యొచ్చు. దాంట్లోనూ ఎడిటింగ్ లేదు మరి.

ఇలా ఎందుకవుతుందో చెప్పడం కష్టమేమీ కాదు. జేబు రికార్డర్లలో చాలావాటికి శబ్దం పెద్దదైతే దానంతట అదే తగ్గించే ఏర్పాటుంటుంది. డ్రమ్ము దెబ్బకు అది మొత్తం శబ్దాన్ని తొక్కేస్తుంది, దాంతోపాటు గొంతూ అణిగిపోతుంది. చొక్కా లోపలో టోపీ కిందో మైకు దాచుకుంటే, ముందు నిలబడ్డవాళ్ల ఒళ్లే అడ్డమై పైస్థాయి శబ్దాలు సగం దారిలో ఆగిపోతాయి. మాటలో స్పష్టత, గొంతులో మెరుపు ఉండేది ఆ పైస్థాయిలోనే. మిగిలేది కింది మోత. బ్రూస్‌ది సన్నగా పైకి దూసుకెళ్లే గొంతు, ఆ మోతను చీల్చుకుని కొంతైనా బయటపడుతుంది. బ్లేజ్‌ది లావైన, కింది స్థాయి గొంతు. రెండు గిటార్లూ స్టీవ్ హారిస్ బేసూ మోగే చోటే అదీ ఉంటుంది. చెడ్డ రికార్డింగు ఎవరికైనా అన్యాయమే చేస్తుంది, బ్లేజ్‌కి ఇంకొంచెం ఎక్కువ చేస్తుంది.

టేపు వేగం సంగతి వేరే ఉంది. ఆ రోజుల్లో ఇవి క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి కాపీ అవుతూ దేశాలు దాటాయి. ఒక డెక్కు కాస్త నెమ్మదిగా, ఇంకొకటి కాస్త వేగంగా తిరుగుతుంది. ఆరు శాతం తేడా వస్తే పాట మొత్తం అర స్వరం కిందికో పైకో జరిగిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి సులువైన దారి ఉంది. గిటార్ లావు తీగను వట్టిగా మీటితే మామూలు ట్యూనింగ్‌లో 82 హెర్ట్జ్‌కి కాస్త పైన మోగాలి. ఫోనులో ట్యూనర్ యాప్ పెట్టి, టేపులో గిటార్ ఒంటరిగా మోగే చోటు వెతికి చూడండి. గిటారే దిగి ఉంటే తప్పు టేపుది. గిటార్ సరిగ్గా ఉండి గొంతు మాత్రమే దిగితే తప్పు నిజంగా గొంతుదే. నేను చూసినవాటిలో రెండు రకాలూ ఉన్నాయి. బ్లేజ్ నిజంగానే శ్రుతి తప్పిన రాత్రులున్నాయి, దాచడానికేమీ లేదు.

అలా ఎందుకు తప్పాడు? ‘పాడటం రాదు’ అన్న రెండో మాటకు జవాబు అక్కడే ఉంది. నేను అసలు రాయాలనుకున్నదీ దాని గురించే.

ఒక టేపు తీసుకుని మొదట్నుంచీ చివరిదాకా వినండి, ముక్కలుగా వద్దు. అదే రాత్రి, అదే మైకు, అదే గొంతు. ‘మ్యాన్ ఆన్ ది ఎడ్జ్’ వస్తుంది. బ్లేజ్, బ్యాండు గిటారిస్టు జానిక్ గెర్స్ కలిసి రాసిన పాట. గొంతు నిండుగా, కోపంగా, ఎక్కడా తడబడకుండా పరిగెడుతుంది. ‘రాత్‌చైల్డ్’ వస్తుంది. అది బ్రూస్ కంటే ముందు పాల్ డియానో పాడింది, స్థాయి మరీ పైన ఉండదు, బ్లేజ్ హాయిగా పాడేస్తాడు. ‘సైన్ ఆఫ్ ది క్రాస్’ వస్తుంది. పదకొండు నిమిషాల పాట. జపంలాంటి మొదలు తర్వాత గొంతు మంద్రంలోంచి నెమ్మదిగా లేస్తుంది, నాసిరకం టేపులో కూడా ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత ‘హ్యాలోడ్ బీ దై నేమ్’. గంట మోగే నెమ్మదైన మొదలు ఉంది చూడండి, అక్కడ బ్లేజ్ గొంతు ఆ పాటకే పుట్టినట్టుంటుంది. ఆ భాగం చివర ఒకే అక్షరాన్ని తారస్థాయిలో పట్టుకుని సాగదియ్యాలి. అక్కడికొచ్చేసరికి కొన్ని రాత్రులు సగంలో వదిలేస్తాడు, కొన్ని రాత్రులు వేరే దారిలో కిందినుంచి చుట్టుకొస్తాడు, కొన్ని రాత్రులు గట్టిగా అరిచి ఎలాగో అందుకుంటాడు. ఆ తర్వాత ‘ది ట్రూపర్’, మళ్లీ అదే తంటా.

పాడటం రానివాడు తన పాటలు కూడా పాడలేడు కదా. ఇక్కడ తేడా పాటకీ పాటకీ మధ్య వస్తోంది. తంటా పెట్టే పాతవి బ్రూస్ గొంతును కొలిచి కుట్టిన పాటలు. బ్లేజ్ గొంతు వాటికంటే కింద ఉంటుంది. గిటార్లు మాత్రం పాత శ్రుతిలోనే ఉన్నాయి, ఇందాక చెప్పిన పద్ధతిలో ఎవరైనా తేల్చుకోవచ్చు. మన పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం ఇంకొకరు కట్టిన రోజున హార్మోనిస్టు ముందు అడిగేది ‘మీ శ్రుతి ఎంత?’ అనే. రెండున్నరకి పాడేవాడు పోయి ఒకటిన్నరకి పాడేవాడు వస్తే మెట్లు మార్చుకుంటాడు తప్ప, వచ్చినవాడిని పై మెట్టు మీద పెట్టి పద్యం చదవమనడు. మెయిడెన్ ఆ పని చెయ్యలేదు. శ్రుతి దించితే పాటల బిగువు తగ్గుతుందని అనుకుని ఉండొచ్చు, ఆ వాదనకీ విలువ ఉంది. కానీ దాని భారం మొత్తం ఒక్క మనిషి కంఠం మీద పడింది. రెండు పర్యటనల్లోనూ గొంతు దెబ్బతిని అమెరికాలో కచేరీలు రద్దు చెయ్యాల్సొచ్చింది. దాన్ని కూడా అతని చేతకానితనానికి రుజువుగా చూపిస్తారు. వారానికి నాలుగైదు రాత్రులు తనది కాని స్థాయిలో గంటన్నర పైగా పాడమంటే ఏ గొంతైనా ఎన్నాళ్లు నిలబడుతుంది?

బ్లేజ్ 2000 నుంచి సొంత బ్యాండుతో చేసిన రికార్డులు ఉన్నాయి, 2003లో వచ్చిన లైవ్ ఆల్బమ్ ఉంది. తన గొంతుకు తగ్గట్టు రాసుకున్న పాటల్లో ఈ గాయకుడు ఎలా పాడతాడో వాటిలో వినొచ్చు. శ్రుతి సమస్య వెతికినా దొరకదు.

‘రాక్ ఇన్ రియోలో బ్రూస్ పాడింది వినండి’ అన్నది మూడో మాట. వినమనే నేనూ అంటాను, అద్భుతంగా పాడాడు. 2001 జనవరిలో జరిగిన ఆ కచేరీలో బ్లేజ్ కాలపు పాటలు ‘సైన్ ఆఫ్ ది క్రాస్’, ‘ది క్లాన్స్‌మన్’ రెండూ ఉన్నాయి. కానీ ఏది దేనితో పోలుస్తున్నారు? అక్కడ ప్రతి వాయిద్యానికీ, గొంతుకీ విడివిడిగా ట్రాకులున్నాయి. కెవిన్ షర్లీ లాంటి నిర్మాత కూర్చుని వాటిని సరైన పాళ్లలో కలిపి 2002లో ఆల్బమ్‌గా ఇచ్చాడు. ఇటువైపు ఉన్నది చొక్కా లోపల దాచిన మైకు. పోల్చాలంటే రియోలో జనం మధ్య తీసిన టేపుతో పోల్చాలి. ఇంకో సంగతి: కింది స్థాయిలో రాసిన పాటను పై గొంతువాడు పాడటం తేలిక, కావాలంటే పైకి తీసుకెళ్లి అలంకరించుకోవచ్చు. పైన రాసిన పాటను కింది గొంతువాడు అందుకోవడం అలా కాదు. ఆ రెండు పాటలూ 2018 పర్యటనలో మళ్లీ జాబితాలోకొచ్చాయంటే, బ్లేజ్ కాలంలో పుట్టిన పాటల బలం బ్యాండుకి తెలుసనే అర్థం.

‘జనం ఛీకొట్టారు’ అన్నదానికి ఎక్కువ రాయక్కర్లేదు. జనం తగ్గారు, అది నిజం. 1992లో ఫియర్ ఆఫ్ ది డార్క్ బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచింది, ది ఎక్స్ ఫ్యాక్టర్ ఎనిమిదిలో, వర్చువల్ ఎలెవన్ పదహారులో ఆగాయి. అమెరికాలో చిన్న హాళ్లలో వాయించారు. అయితే ఆ సమయంలో అక్కడ సంప్రదాయ మెటల్ మొత్తానికే గడ్డుకాలం. వచ్చినవాళ్లు ఏం చేశారో తెలుసుకోవాలంటే ఈ టేపులకు మించిన సాక్ష్యం లేదు, ఎందుకంటే వాటిలో అన్నిటికంటే బాగా వినపడేది జనమే. ‘ది క్లాన్స్‌మన్’లో స్వేచ్ఛ కోసం అరిచే చోట రికార్డు చేస్తున్నవాడి చుట్టూ ఉన్న గొంతులు బ్లేజ్ గొంతును మింగేస్తాయి. ఛీకొట్టే జనం గొంతు కలపరు.

చివరి మాట, ‘సిగ్గేసి లైవ్ ఒక్కటీ విడుదల చెయ్యలేదు’ అన్నది, నేరుగా అబద్ధం. 1996లో వచ్చిన బెస్ట్ ఆఫ్ ది బీస్ట్ సంకలనంలో ‘అఫ్రెయిడ్ టు షూట్ స్ట్రేంజర్స్’ బ్లేజ్ పాడిన లైవే. 1998 ‘ఫ్యూచరియల్’ సింగిల్ వెనక రెండు లైవ్ పాటలున్నాయి. పూర్తి లైవ్ ఆల్బమ్ రాలేదన్నది మాత్రం సరైన మాట. అంతకుముందు 1993 ఒక్క ఏడాదిలోనే బ్యాండు మూడు లైవ్ ఆల్బమ్‌లు విడుదల చేసిందన్న సంగతి కూడా అప్పుడు గుర్తుంచుకోవాలి.

ఆ పూర్తి ఆల్బమ్ లేకపోవడమే బ్లేజ్‌కి జరిగిన పెద్ద నష్టం. అదే దశాబ్దంలో జూడాస్ ప్రీస్ట్ అనే ఇంకో మెటల్ బ్యాండులో గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ చోటికి టిమ్ ఓవెన్స్ వచ్చాడు. 1998లో ఒకటి, 2003లో ఒకటి, రెండు లైవ్ ఆల్బమ్‌లు పద్ధతిగా బయటకొచ్చాయి. ఓవెన్స్ నచ్చనివాళ్లు కూడా అవి విని మాట్లాడతారు. బ్లేజ్ గురించి మాట్లాడేవాళ్లకు చేతికందేది జేబు టేపులు, వాటిలోంచి ఏరిన అర నిమిషం.

వినాలనుకునేవాళ్లకు ఒకటి చెప్తాను. 1995 చివరి నెలల టేపు ఏదైనా తీసుకోండి, అప్పటికి గొంతు ఇంకా అలిసిపోలేదు. ఫోను స్పీకర్‌లో వద్దు, హెడ్‌ఫోన్ పెట్టుకోండి. బేసు కొంచెం తగ్గించండి. ‘సైన్ ఆఫ్ ది క్రాస్’ దగ్గర మొదలుపెట్టండి, పదకొండు నిమిషాలూ ఆపకండి. ‘హ్యాలోడ్ బీ దై నేమ్’ ఆ తర్వాత వినండి.