కాళ్లు చూసే నర్సు

రక్తనాళాల జబ్బుల్లో రోగి మాట వినడమే సగం వైద్యమని చెప్పే ఒక నర్స్ ప్రాక్టీషనర్ (పై శిక్షణతో రోగిని తనే పరీక్షించి వైద్యం చేసే నర్సు) గురించి మీరు వ్యాసం రాశారు, బాగుంది. మేము చెన్నై పెరంబూరులో ఉంటాం. నాన్నకు షుగర్. నాలుగడుగులు నడిస్తే పిక్కలు పట్టేసేవి, నిలబడితే తగ్గేది. చూపించిన చోటల్లా "వాకింగ్ చేయండి" అని పంపేశారు. నొప్పే నడిస్తే వస్తోంది మహాప్రభో!

చివరికి ఒక క్లినిక్‌లో నెల్లూరు నర్సమ్మ స్టూలు లాక్కుని కూర్చుని, ఆయన సాక్సు తనే తీసి, వేళ్ల సందులు విడదీసి చూసింది. తర్వాత బీపీ పట్టీ చీలమండకు చుట్టింది. "చేతికి కట్టేది కాలికి కడుతున్నావేమ్మా?" అన్నారు నాన్న. "రెండూ పోల్చాలి బాబాయ్" అంది. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 లేదా అంతకన్నా తక్కువ వస్తే కాలి ధమనులు సన్నబడినట్టే లెక్క. షుగర్ వాళ్లలో ధమనులు గట్టిపడి అంకె ఎక్కువ చూపించొచ్చట, అందుకే డాప్లర్ (రక్తం పారే తీరు చూసే స్కాన్) కూడా రాయించింది. నడకెలాగో కూడా చెప్పింది: నొప్పి బాగా పెరిగేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి, వారానికి మూడుసార్లు, కనీసం 12 వారాలు.

ఒక్క అభ్యంతరం. మన దేశంలో నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు క్రిటికల్ కేర్‌కు (ఐసీయూ వైద్యానికి) ఉంది గానీ, ఇలా కాళ్లు చూసే ఓపీల్లో ఆ హోదా ఎక్కడుంది? ఈ అమ్మాయి ఇంత చేసినా ప్రిస్క్రిప్షన్ మీద సంతకం డాక్టరుదే. దాని గురించి కూడా రాయండి.