ఆటపాటల బడికి పరిశోధన దండగేనా?

"మూడు నాలుగేళ్ల పిల్లల చదువుకు పరిశోధనలు దండగ. అనుభవమున్న టీచరు చూస్తే చాలు. ప్రీస్కూల్ లాభం కొన్నేళ్లకే ఆవిరైపోతుంది. పరిశోధకులు ఎలాగూ ప్రీస్కూల్‌కి డప్పు కొట్టేవాళ్లే." చాలామంది పంచుకుంటున్న మాటలివి.

మొదట, చూస్తే చాలన్న మాట. పాఠం చెప్పినా చెప్పకపోయినా ఈ వయసు పిల్లలు ఎదుగుతూనే ఉంటారు. ఆ ఎదుగుదలలో పాఠం వాటా ఎంతో తేలాలంటే, పాఠం వినని పిల్లలతో పోల్చాలి. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో 12 నుంచి 18 నెలల పిల్లలకు మాటలు నేర్పే డీవీడీని నాలుగు వారాలు చూపించారు. చూడని పిల్లలకన్నా వాళ్లేమీ ఎక్కువ నేర్వలేదు. డీవీడీ లేకుండా, రోజువారీ పనుల మధ్య అమ్మానాన్నలు అవే మాటలు నేర్పిన పిల్లలు ముందున్నారు. డీవీడీ బాగా నచ్చిన తల్లిదండ్రులే తమ బిడ్డ ఎక్కువ నేర్చుకున్నట్టు అంచనా వేశారు. కళ్లెదుటే ఉన్న బిడ్డ విషయంలోనే లెక్క తప్పిందన్నమాట.

లాభం ఆవిరవుతుందనేది సగం నిజం. అమెరికాలోని ఇప్సిలాంటిలో 1962లో మొదలైన పెర్రీ ప్రయోగంలో 123 మంది పిల్లలుంటే 58 మందికి ప్రీస్కూల్ అందింది. ఐక్యూ తేడా కొన్నేళ్లకే చెరిగిపోయింది. కానీ 40 ఏళ్ల వయసులో ప్రీస్కూల్ అందినవాళ్లలో 76 శాతం మందికి ఉద్యోగముంది, మిగతావారిలో 62 శాతానికే. ఐక్యూతోనే కొలత ఆపేసుంటే ఇది ఎవరికీ తెలిసేది కాదు. అయితే అక్కడ సుమారు ఆరుగురు పిల్లలకు ఒక టీచరు, వారం వారం ఇంటికి వెళ్లి తల్లితో కలిసి పనిచేయడం కూడా ఉన్నాయి. ముప్ఫై మందిని ఒక గదిలో కూర్చోబెట్టి అదే ఫలితం ఆశించకూడదు.

ఇక డప్పు సంగతి. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో దాదాపు మూడు వేల మంది పిల్లలపై జరిగిన అధ్యయనంలో, ప్రభుత్వ ప్రీకేలో (అక్కడి ప్రీస్కూల్ తరగతిలో) సీటు దొరికినవాళ్లు ఆరో తరగతికి వచ్చేసరికి, దొరకనివాళ్లకన్నా మార్కుల్లో వెనకబడ్డారని 2022లో పరిశోధకులే ప్రకటించారు.

పరిశోధనంటే కోట్లు కావాలనీ లేదు. పిల్లలకు రాని 20 మాటలు ఎంచుకోండి. చీటీలు తీసి పదింటిని మాత్రమే కొత్త పద్ధతిలో నేర్పండి, మిగతా పదింటినీ వదిలేయండి. ఏ పిల్లకు ఆ పిల్లే పోలిక కాబట్టి వయసు తేడాల గొడవ ఉండదు. చీటీలు మానేసి టీచరే ఎంచితే, తెలియకుండానే సులువైనవి నేర్పే జాబితాలో చేరతాయి. నాలుగు వారాల తర్వాత, ఏవి నేర్పారో తెలియని మనిషి బొమ్మలు చూపించి అడగాలి. తెలిసినవాళ్ల చూపే జవాబు చెప్పేస్తుంది. నేర్పడం ఆపిన మర్నాడే అడిగి ఊరుకోకుండా, రెండు వారాలాగి మళ్లీ అడగండి.