నల్లా కీర్తన

భజనలో ఉన్న సుఖం ఏమిటంటే, పాడటం రానక్కర్లేదు. ముందు కూర్చున్నాయన ఒక పంక్తి అంటాడు, మిగతావాళ్ళు దాన్నే తిరిగి అంటారు. శ్రుతి తప్పితే నలభై గొంతుల్లో కలిసిపోతుంది, తాళం తప్పితే నేరం పక్కవాడి మీదికి పోతుంది. కచేరీల్లో ఈ సదుపాయం లేదు. మా చిక్కడపల్లి అపార్ట్‌మెంట్ వాళ్ళకు ఇంకో ధీమా కూడా ఉంది. త్యాగరాయ గానసభ నడిచిపోయే దూరంలోనే ఉంది కాబట్టి, ఎంతో కొంత సంగీతం గాలికి వచ్చి మాకు అంటుకునే ఉంటుందని అందరి నమ్మకం.

శనివారం సాయంత్రం సెల్లార్‌లో కార్లు బయటికి తీయించి జంపఖానాలు పరుస్తాం. ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు, ఎదురుగా స్టూలు మీద రాముడి పటం, దాని వెనకాలే సంపు మూత. ఐదో అంతస్తు ఇంజనీరింగ్ కుర్రాడిది డోలక్. హార్మోనియం మామ్మగారిది. అందులో ఒక మెట్టు పలకదు. ఆ స్వరం వచ్చిన ప్రతిసారీ ఆవిడ తనే నోటితో 'ఊఁ' అని పూరించేస్తారు.

ముందు పాడేది సెక్రటరీ గారు. జీవితమంతా ఆడిట్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు వాగ్గేయకారుల్లో రామదాసంటేనే ప్రాణం, రామదాసు కీర్తనల్లో 'ఇక్ష్వాకు కులతిలక' అంటేనే ప్రాణం. కారణం భక్తి ఒక్కటే కాదని నా అనుమానం. కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారుగా ఉండి సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టాడు. లెక్క తేలలేదని తానీషా ఆయన్ని గోల్కొండ కోటలో పెట్టించాడు. పన్నెండేళ్ళంటారు. ఇప్పటికీ కోటకు పోయినవాళ్ళకు ఆ బందీఖానా చూపిస్తారు. ఈ కీర్తనలో ఆయన సీతమ్మకు ఏ నగ చేయించాడో, దానికి ఎంత పట్టిందో పద్దుల వారీగా అప్పజెప్పి, ఇదంతా ఎవరబ్బ సొమ్మనుకున్నావని రాముణ్ణే నిలదీస్తాడు. "ఖర్చంతా నోటికి చెప్పాడు చూశారా, ఒక్క వోచర్లే లేవు!" అని సెక్రటరీ గారు ప్రతి శనివారం చెబుతారు, మేము ప్రతి శనివారం నవ్వుతాం.

ఇక నల్లా సంగతి. మాకు రోజు విడిచి రోజు వస్తుంది, వస్తే గంట. వచ్చిన వెంటనే మోటర్ వేయకపోతే ముందు వీధివాళ్ళ మోటర్లు లాగేసుకుంటాయి. మా మోటర్ గది తాళంచెవి సెక్రటరీ గారి దగ్గరే ఉంటుంది. ఎవరో అడగకుండా మోటర్ వేసి, కాల్చి, 'నేను కాదు' అన్నప్పటి నుంచి ఆ కట్టుబాటు.

ఆ రోజు కీర్తన మధ్యలో వాచ్‌మన్ వంగుని వచ్చి, ఆయన చెవిలో అనుకుని అందరికీ వినపడేలా అన్నాడు: "సార్, నల్లా ఒచ్చింది. మోటర్ గది చెవి ఇయ్యుండ్రి."

సెక్రటరీ గారికి ఒక పట్టింపుంది. రామనామం ఎత్తుకున్నాక మధ్యలో మామూలు మాట మాట్లాడకూడదు. ఆ కీర్తనలో ప్రతి పంక్తీ 'రామచంద్రా' అని ముగుస్తుంది కాబట్టి ఆయనకు దారి దొరికింది. కళ్ళు మూసుకునే, వరస చెడకుండా పాడారు:

"మోటరు గది చెవి డిక్కీలోనున్నది రామచంద్రా!"

నలభై మందీ తన్మయంగా అందుకున్నారు. "మోటరు గది చెవి డిక్కీలోనున్నది రామచంద్రా!"

"ఏ డిక్కీ సార్?" అన్నాడు వాచ్‌మన్. వాడి తప్పేం లేదు, సెల్లార్‌లో స్కూటర్లు బోలెడు.

"తెల్ల స్కూటరు డిక్కీ తెరచి చూడవయ్యా రామచంద్రా! ఆ డిక్కీ తాళము ఫ్రిజ్జు మీదున్నది రామచంద్రా!"

మగవాళ్ళ వైపు కొందరికి అనుమానం వచ్చింది గానీ, భజనలో ఆగి అడిగే ఆచారం లేదు. ఆడవాళ్ళ వైపు అసలు అనుమానమే లేదు. ఇంతలో సెక్రటరీ గారి భార్య వెనక నుంచి, "ఫ్రిజ్ మీద లేదండీ, దేవుడి గదిలో పెట్టాను!" అని కేకేశారు. అలవాటు కొద్దీ ఆడవాళ్ళంతా దాన్నీ అందుకున్నారు. మూడువందల రెండు ఆంటీ చివర్లో 'రామచంద్రా' తగిలించి లోటు తీర్చారు.

మేము ఏ కాలంలో పాడుతున్నామో నల్లాకు పట్టదు. నిమిషాలు గడుస్తుంటే సెక్రటరీ గారి గొంతులో తొందర పెరిగింది. ఆ తొందర చూసి డోలక్ కుర్రాడు రెండో కాలం అందుకున్నాడు. వెనకవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు మొదలెట్టారు. "ఇంటి చెవి ఎవరి చేతనున్నది పలుకవే రామచంద్రా!" అని ఆయన చేతులు జోడించి, భార్య వైపు తిరిగి పాడితే, మామ్మగారు హార్మోనియం ఆపి కళ్ళొత్తుకున్నారు. ఆయన గొంతులో అంత ఆర్తి ఏనాడూ వినలేదని తర్వాత అందరూ ఒప్పుకున్నారు.

ఇంటి చెవి ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో, కళ్ళజోడు పెట్టె కింద దొరికింది. వాచ్‌మన్ నాలుగో అంతస్తుకు పోయి, దేవుడి గది వెతికి, డిక్కీ తెరిచి, మోటర్ వేసేసరికి మేము మంగళహారతిలో ఉన్నాం. పటం వెనక సంపులోంచి బుస్సుమని గాలి చప్పుడు వినిపించింది. నీళ్ళు అప్పటికే ముందు వీధికి వెళ్ళిపోయాయి.

పులిహోర పంచుతుండగా మామ్మగారు తన పాటల నోటుబుక్కు తీసుకుని సెక్రటరీ గారి దగ్గరికి వచ్చారు. "ఇన్నేళ్ళుగా పాడుతున్నాం, ఈ చరణాలు ఎప్పుడూ వినలేదు నాయనా. ఏ ప్రతిలో ఉన్నాయి?" అన్నారు. ఆయన పులిహోర నోట్లో ఉందన్నట్టు సైగ చేసి తప్పించుకున్నారు. ఆవిడ ఊరుకోలేదు. వాచ్‌మన్‌ని పిలిచి, డిక్కీ ముందా, ఫ్రిజ్ ముందా అని కనుక్కుని మరీ రాసుకున్నారు.

మర్నాడు పొద్దున ట్యాంకరు తెప్పించక తప్పలేదు. దానికి ఎంత పట్టిందో, ఫ్లాటుకు ఎంత పడుతుందో సెక్రటరీ గారు పైసలతో సహా వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కింద ముందుగా మూడువందల రెండు ఆంటీ జవాబు వచ్చింది: "ఎవరబ్బ సొమ్మని రామచంద్రా!" తర్వాత ఒక్కొక్కరే అందుకున్నారు.