నా మీద నేనే అప్పీలు

మా బావమరిదికి బెజవాడ ఆటోనగర్‌లో చిన్న షాపుంది. విశాఖ పోర్టు మీదుగా యంత్రాల విడిభాగాలు తెప్పిస్తాడు. మొన్న ఆడిటర్ గారి దగ్గర్నుంచి తిన్నగా మా ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, "బావా, నా మీద నేను అప్పీలు వేసుకోవాల్సిందంట. గడువు దాటిపోయిందంట" అన్నాడు.

నవ్వకండి. చట్టమే అది. 2011 నుంచి కస్టమ్స్‌లో స్వీయ మదింపు. సరుకేమిటో, ఏ కోడు కిందికొస్తుందో, సుంకమెంతో దిగుమతిదారుడే లెక్కగట్టి బిల్ ఆఫ్ ఎంట్రీ అనే దిగుమతి పత్రం వేసుకోవాలి. మన మీద సర్కారుకి అంత నమ్మకం. ఏడున్నర శాతం పడాల్సిన చోట మావాడి సీహెచ్ఏ, అంటే కస్టమ్స్ పనులు చూసిపెట్టే ఏజెంటు, పది శాతం కోడు కొట్టాడు. కంటైనర్ కదలకపోతే డెమరేజ్, అంటే ఆలస్యానికి పడే అద్దె, పెరుగుతుంది కనుక మావాడు చూసుకోకుండా కట్టేశాడు. దిగుమతి మీద పడే జీఎస్టీ (ఐజీఎస్టీ) అయితే తర్వాత కట్టే పన్నులో క్రెడిట్‌గా వస్తుంది, అసలు దిగుమతి సుంకమైన బేసిక్ డ్యూటీ ఎక్కడికొస్తుంది? కస్టమ్స్ చట్టం 27వ సెక్షన్ రీఫండుకి ఏడాది టైమిచ్చింది కదా అని నాలుగో నెలలో అడిగాడు. కుదరదన్నారు.

ఎందుకంటే 2019లో ఐటీసీ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: నువ్వు రాసుకున్న మదింపు కూడా ఉత్తర్వే, అది మారితే తప్ప రీఫండ్ లేదు. మార్పించాలంటే అదే చట్టం 128వ సెక్షన్ కింద అప్పీలు, అరవై రోజుల్లో. అప్పీలు వినే కమిషనర్ దయతలిస్తే ఇంకో ముప్పై. ఏడాది గడువున్న గదికి మూడు నెలలకే తాళం పడే వరండాలోంచి వెళ్ళాలన్నమాట.

గడువులోపు వేసి ఉంటే ఆ విచారణ ఎంత రంజుగా ఉండేదో! "ఉత్తర్వు మీకెప్పుడు అందింది?" "నేను రాస్తుండగానే అందిందండీ." "జారీచేసే ముందు మీ వాదన విన్నారా?" "నాకు నేను ఆ అవకాశమే ఇవ్వలేదండీ. నోటీసన్నా ఇచ్చుకోలేదు. సహజ న్యాయానికి తిలోదకాలిచ్చేశాను." "ఉత్తర్వులో కారణాలు రాశారా?" "ఒక్క ముక్క లేదు. పచ్చి ఏకపక్షం." "మరి ఆ ఉత్తర్విచ్చిన మనిషి ఎలాంటివాడు?" ఇక్కడ మా ఆవిడ వంటింట్లోంచి సాక్ష్యం చెప్పింది: "చిన్నప్పట్నుంచీ అంతే. ఎవరి మాటా వినడు."

పాపం, దారులు లేవని కాదు. 149వ సెక్షన్ కింద బిల్ ఆఫ్ ఎంట్రీకి సవరణ చేయించుకుని కూడా రీఫండ్ అడగొచ్చని 2021లో తెలంగాణ హైకోర్టు సోనీ ఇండియాకి చెప్పింది. హైకోర్టు మెట్లెక్కడానికి సోనీకి స్తోమతుంది. ఆటోనగర్ షాపుకి లాయరు ఫీజే రీఫండుని మింగేస్తుంది. 2025లో 18ఎ సెక్షన్ తెచ్చి, సరుకు బయటికొచ్చాక కూడా మన తప్పు మనమే దిద్దుకోవచ్చన్నారు. ఐటీసీ తీర్పొచ్చిన ఆరేళ్ళకు! ఆడిట్ మొదలైందని చెబితే మాత్రం ఆ తలుపూ మూతే.

ఇక అవతలి పక్షమైన కస్టమ్స్ వాళ్ళ గడియారం చూడండి. మనం తక్కువ కట్టామని వాళ్ళకు తోస్తే నోటీసుకి రెండేళ్ళు. "దాచావు" అన్న మాట చేరిస్తే అయిదేళ్ళు. మన బాకీ మీద వడ్డీ 15 శాతం. వాళ్ళు రీఫండ్ మూడు నెలలు దాటించి ఇస్తే 6 శాతం. అదైనా, ఆ భారం కొనేవాడి మీద వెయ్యలేదని రుజువు చేస్తేనే. లేకపోతే సొమ్ము వినియోగదారుల సంక్షేమ నిధికి.

ఆ మూడు నెలల్లో నలభై రోజులు మా మామగారు ఐసీయూలో ఉన్నారు. మావాడు ఆస్పత్రి వరండాలో పడుకున్నాడు. ఆ సంగతి చెప్పుకుందామన్నా వినేవాడు లేడు. తొంభై దాటాక మన్నించే అధికారమే కమిషనర్‌కి లేదని సుప్రీంకోర్టు 2008లోనే, ఎక్సైజు చట్టంలో ఇలాంటి సెక్షన్ మీదే చెప్పేసింది. సుంకం ఎక్కువ కట్టాడని ఒప్పుకుంటారు. ఆ సొమ్ము అతనిదేననీ ఒప్పుకుంటారు. ఇవ్వరు! వీధిలో వంద నోటు దొరికితే ఎవరిదని అడిగే జనం మనం. ఎవరిదో తెలిసీ జేబులో పెట్టుకుంటే మామూలు మనుషుల్ని ఏమంటాం?

ఇప్పుడు మావాడికో కొత్త జబ్బు పట్టుకుంది. నిరసన తెలుపుతూ కట్టిన సుంకానికి గడువు వర్తించదని ఎవరో చెప్పారట. చలానాల మీదే కాదు, పాల బిల్లు మీద కూడా "నిరసనతో చెల్లించడమైనది" అని రాస్తున్నాడు. అది రీఫండుకిచ్చే ఏడాది గడువుకే గానీ అప్పీలుకిచ్చే అరవై రోజులకు పనికిరాదని చెప్పడానికి నాకింకా నోరు రావడంలేదు.